గోడ అవతలి కరెంటు

లతీఫ్ మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. హాల్లో ఫాను నెమ్మదించి ఆగింది. వంటింట్లో బల్బు ఆరింది. వరండాలో వార్తలు చదువుతున్న రేడియో మాట మధ్యలోనే నోరు మూసుకుంది.

వెనక గదిలో, బావ కరీం బాషా మంచానికి పైనున్న ఫాను మాత్రం తిరుగుతూనే ఉంది.

లతీఫ్ స్టూలు మీద నిలబడే మెడ తిప్పి ఆ గది వైపు చూశాడు. స్విచ్ మళ్లీ పైకెత్తి, మళ్లీ దించాడు. ఫాను తన దారిన తాను తిరిగింది.

"ఆపా, ఆ గదికి ఏరే మెయినేటైనా ఉందేటి?" అని అడిగాడు అక్కని.

"నాకేటి తెలుస్తాదిరా. ఆ గది ఫ్యూజు ఏరని మీ బావ ఎప్పుడూ అంటారు" అంది ఖైరున్నీసా. ఊడిన గోడ పెచ్చుల్ని చీపురుతో ఒక మూలకి నెడుతోంది ఆమె.

"ఫ్యూజు ఏరైనా మెయిన్ ఒక్కటే కదాపా."

వరండాలో ఏసీ పెట్టె పక్కన కూర్చున్న ఆమె కొడుకు సిరాజ్ లేచి వచ్చాడు. ఆ పెట్టె గురించే ఆ ఇంట్లో వారం పొడుగునా రభస. పోర్టు మీంచి వచ్చే ఎర్ర దుమ్ము కరీం బాషా ఊపిరితిత్తుల్ని తినేస్తోందనీ, కిటికీలు మూసి గది చల్లగా ఉంచకపోతే ఈ ఎండాకాలం దాటడం కష్టమనీ డాక్టరు చెప్పాడు. స్టీల్ ప్లాంటు పనులు చేసే ఒక కంపెనీ తన గెస్ట్ హౌస్‌లో తీసేసిన ఏసీని సిరాజ్ బతిమాలి తెచ్చాడు. కరీం బాషా ఒకటే మాట: ఏసీ వద్దు, ఆ బోర్డు జోలికి ఎవరూ పోవద్దు.

ముసలితనపు మొండితనం అనుకున్నారు అందరూ. చివరికి ఈ ఉదయం ఖైరున్నీసాయే కొడుకు పక్షాన నిలబడింది. "ఆయన మాట ఇనకు. మీ మామూని పిలువు" అంది. పెళ్లయ్యాక భర్త మాట దాటడం ఆమెకి అదే మొదటిసారి.

లతీఫ్‌కి పూర్ణా మార్కెట్ దగ్గర చిన్న ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. రాగానే బోర్డు చూసి నవ్వాడు. పింగాణీ ఫ్యూజులు, చెదలు తిన్న చెక్క. ఇది ఏసీని మొయ్యదు, మొత్తం మార్చి కొత్తరకం ట్రిప్ స్విచ్‌లు పెట్టాలన్నాడు. ఇప్పుడతను నవ్వడం లేదు. నాలుగు మేకులూ ఊడదీసి చెక్క బోర్డుని గోడ నుంచి పక్కకి జరిపాడు. దాని వెనక గుడ్డ చుట్టిన నల్ల వైర్లు గుట్టగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే విడదీస్తూ చూశాడు. చూస్తూ చూస్తూ అతని చెయ్యి ఆగిపోయింది.

లోపలి మంచం మీంచి కరీం బాషా గొంతు వినబడింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి గీరుకుంటోంది.

"ఆ రెండు వైర్లూ కోసేసి, టేపు సుట్టి, గోడలోకి తోసేయ్ లతీఫూ. మీద సున్నం కొట్టించేద్దాం."

అక్కడున్నవి రెండు వైర్లని కరీం బాషాకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఖైరున్నీసా చీపురు ఆపింది. గోడ వైపు చూసింది. రెండిళ్లకీ మధ్య ఉన్నది ఆ ఒక్క గోడే. దానికి అవతల నారాయణమ్మ ఇల్లు.

"మామూ, ఏంటది?" అన్నాడు సిరాజ్.

లతీఫ్ స్టూలు దిగి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అవి శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"సెప్పు మామూ."

"ఆ ఫాను మన మీటరు మీద తిరగట్లేదురా" అన్నాడు లతీఫ్ నేల చూస్తూ.

సిరాజ్ గబగబా వెనక గదిలోకి వెళ్లాడు. ఖైరున్నీసా గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కరీం బాషా మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, ఫాను కింద ఊపిరి కోసం వెతుక్కుంటున్నాడు. తన ట్రంకు పెట్టెల దుకాణంలో రేకు మందంలో కూడా ఎవరినీ మోసం చెయ్యలేదని పేరున్న మనిషి. మసీదు కమిటీలో అతని మాటకి ఎదురు లేదు.

"అబ్బాజాన్, మీకు తెలుసా ఇది?"

కరీం బాషా తల ఎత్తలేదు.

"ఎప్పట్నుంచి?"

"దుకాణం కాలిపోయిన ఏడు" అన్నాడు కరీం బాషా. "బిల్లు కట్టలేదని మన లైను కోసేసినారు. నువ్వు పరీక్షలకి సదువుతన్నావు. ఆ బోర్డు పెట్టినోడే అన్నాడు, పక్కింటి లైను గోడమ్మటే ఉంది బాషా గారూ, ఒక్క బల్బుకి ఏటవుద్ది అని. ఒక్క బల్బుకే."

"తర్వాత మన లైను వచ్చింది కదా."

"వొచ్చింది."

"మరి తీయించలేదేం?"

"తీయించాలంటే ఇంకొకడికి సెప్పాలి కదరా" అన్నాడు కరీం బాషా. "ఆ బోర్డు పెట్టినోడు ఊరొదిలి ఎల్లిపోనాడు. ఇంకొకడికి ఏటని సెప్పను? ఇయ్యాల తీయిద్దాం, రేపు తీయిద్దాం అనుకుంటానే ఉన్నాను."

అంతలో ఆ ఒక్క బల్బు పక్కకి ఫాను కూడా వచ్చిందని అతను చెప్పలేదు. చెప్పనవసరం లేదు. అది అందరి తలల మీదా తిరుగుతోంది.

ఖైరున్నీసాకి ఒక్కొక్కటే అర్థమవసాగింది. ఫ్యూజు పోయినప్పుడల్లా భర్త తానే స్టూలెక్కేవాడు. "మీరెవరూ ముట్టుకోకండి, షాకు కొడతాది" అనేవాడు. తమ మీద ప్రేమ అనుకుని ఆమె మురిసిపోయేది. ఏసీ వద్దని అతను మొండికెయ్యడం డబ్బు కోసమూ కాదు, పంతం కోసమూ కాదు. ఊపిరాడక పోయినా సరే గానీ ఆ చెక్క ఊడకూడదనుకున్నాడు.

అవతలి గోడ వైపు నుంచి ఇన్నేళ్లుగా ఆమె విన్న గొడవలన్నీ ఇప్పుడు మళ్లీ వినిపించాయి. నారాయణమ్మ మొగుడు గవర్రాజు పోర్టులో కళాసీ. విజయనగరం అవతలి పల్లె నుంచి వచ్చి ఆ ఇల్లు కొనుక్కున్నాడు. కరెంటు బిల్లు వచ్చిన ప్రతిసారీ ఆ ఇంట్లో గిన్నెలు ఎగిరేవి. "ఎవరికిత్తన్నావే కరెంటు? ఎవరి బట్టలు ఇస్త్రీ సేత్తన్నావు?" అని అరిచేవాడు. చివరికి ఉన్న ఒక్క ఫానూ ఊడదీసి పల్లెకి పంపించేశాడు. అయినా బిల్లు తగ్గలేదు. అప్పుడే మొదటిసారి ఆమెని కొట్టాడు.

ఆ మర్నాడు నారాయణమ్మ ఈ గదిలోనే, ఈ ఫాను కిందే చాప వేసుకుని పడుకుంది. "మీ ఇంట్లో గాలి నా వొంటికి పడతాది వదినా" అని కళ్లు మూసుకుంది. ఖైరున్నీసా ఆమె తల నిమురుతూ కూర్చుంది. "నువ్వూ కొంచెం లైట్లు తగ్గించుకోవాల నారాయణమ్మా" అని బుద్ధి కూడా చెప్పింది.

ఆ మాట గుర్తొచ్చి ఆమె ఒళ్లంతా మండింది.

లతీఫ్ గుమ్మం దగ్గరకి వచ్చాడు. "బావా, కోసి గోడలో పెడితే కుదరదు. ఆ కొసల్లో కరెంటు ఉంటానే ఉంటాది. వానలకి ఈ గోడ తడుస్తాది. అవతలిపక్క ఆయమ్మ వంటిల్లు. ఆ వైర్ల అతుకు ఉన్నది ఆళ్ల ఇంట్లో. అక్కడ మెయిన్ ఆపి, అక్కడే ఊడదియ్యాల."

"అయితే వెళ్లి చెప్పాలి" అన్నాడు సిరాజ్.

"ఏటని?" కరీం బాషా మొదటిసారి కొడుకు ముఖంలోకి చూశాడు. "మీ కరెంటు తినేసినామనా? గవర్రాజు వీధిలో నిలబెట్టి అడుగుతాడు. నాను మసీదుకి ఏ మొహంతో ఎల్తాను? నీకు ఈ ఊళ్లో పిల్లనెవరిత్తారు?"

"ఆళ్ల ఇంట్లో ఆవిడ దెబ్బలు తింటే ఆ మొహంతోటే కదా వెళ్లారు మసీదుకి."

"సిరాజ్" అంది ఖైరున్నీసా.

దగ్గు తెర ముంచుకొచ్చి కరీం బాషా ముందుకి వంగిపోయాడు. ఆమె పరుగున వెళ్లి వీపు రాసింది. చెయ్యి అలవాటుగా రాస్తోంది. మనసు అక్కడ లేదు. దగ్గు తగ్గాక కొంగు సర్దుకుని లేచింది.

"నానెల్తాను" అంది.

"ఏటి సెప్తావు?" అన్నాడు భర్త.

ఆమె బయటికి నడిచింది. నిజమే చెప్పాలనుకుంది. మెట్లు దిగేదాకా అలాగే అనుకుంది.

నారాయణమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "రా వదినా, ఏసీ మిషను వొచ్చిందంట కదా. అన్నయ్య గారికి ఇంక ఆయాసం తగ్గిపోతాది. కూకో." చాప పరిచి, తాటాకు విసనకర్ర తీసి ఖైరున్నీసాకి విసరసాగింది. పైన దూలానికి కొక్కెం ఒక్కటే వేలాడుతోంది.

"నాకొద్దే, నువ్వు విసురుకో."

"ఎండలో పడి వొచ్చినావు కదా."

ఆ గాలి ముఖానికి తగులుతుంటే ఖైరున్నీసా నిజం చెప్పలేకపోయింది. దాని బదులు ఇంకో మాట వచ్చింది.

"మా బోర్డు మారుత్తన్నారు. గోడ ఒక్కటే కదా, మీ మెయిన్ కూడా కాసేపు ఆపాలంట. లతీఫ్ ఒకసారి లోపలికొచ్చి సూసుకుంటాడంట."

"దానికేటి వదినా, ఆపుకోమను" అంది నారాయణమ్మ.

ఎందుకని కూడా అడగలేదు.

లతీఫ్ వచ్చి పని చేస్తున్నంతసేపూ ఖైరున్నీసా నేలకేసి చూస్తూ కూర్చుంది. మీటరు మీదుగా వెళ్లిన చెక్క పట్టీని అతను ఎత్తాడు. లోపలి అతుకు విప్పి, నల్ల వైరు బారెడు బయటికి లాగి చుట్ట చుట్టాడు.

"ఏటది లతీఫూ?" అంది నారాయణమ్మ.

"పాత వైరమ్మా" అన్నాడతను, వెనక్కి తిరక్కుండానే. చుట్టని సంచిలో పెట్టుకుని, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెళ్లిపోయాడు.

నారాయణమ్మ మెయిన్ వేసింది. వేసి అక్కడే నిలబడి మీటరు అద్దంలోకి తొంగి చూసింది. చాలాసేపు చూసింది.

"వదినా, ఒకసారిలగ రా."

ఖైరున్నీసా లేచి వెళ్లింది.

"ఈ సక్రం సూడు. నాను ఇంట్లో అన్నీ ఆపేసి వొచ్చి సూసినా ఇది తిరుగుతానే ఉండేది. ఆయనకి సెప్తే, నీ కళ్లే తిరుగుతన్నాయి, నీకు పిచ్చెక్కింది అనీవోడు. నాక్కూడా అలగే అనిపించీది. ఇప్పుడు సూడు, ఆగిపోనాది." అద్దం మీద వేలు ఆనించింది. "నాకు పిచ్చి లేదు వదినా. మీటర్లోనే ఏదో దోషం ఉంది. నీ తమ్ముడు సెయ్యి పెట్టగానే పోనాది."

ఆమె ఖైరున్నీసా చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

చేతులు వెనక్కి తీసుకోవాలనిపించింది ఖైరున్నీసాకి. తీసుకోలేదు. అదీ చేతకాలేదు.

ఇంటికి వచ్చేసరికి లతీఫ్ కొత్త బోర్డు బిగిస్తున్నాడు. ఏసీని కిటికీలో కూర్చోబెట్టారు. సిరాజ్ దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు గానీ ఆన్ చెయ్యలేదు. వెనక గదిలో ఫాను ఆగి ఉంది.

"ఏటంది?" అన్నాడు కరీం బాషా.

"దండం పెట్టింది."

"సెప్పినావా?"

"నేదు."

భర్త ముఖంలో కాస్త తెరిపి కనిపించింది. ఆ తెరిపి చూసేసరికి అప్పటిదాకా అదిమిపెట్టుకున్నది ఆమెలో తెగిపోయింది. అరవలేదు. మంచం పట్టె మీద కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"గవర్రాజు నారాయణమ్మని కొట్టిన రోజు, పెద్దమనిషని మిమ్మల్నే పిలిచినాడు కదా. మీరెళ్లి ఆయమ్మతో ఏటన్నారు? సూసి వాడుకో అమ్మా అన్నారు. నాను గుమ్మంలోంచి ఇన్నాను. ఆ మాట ఎలగొచ్చింది మీ నోట?"

కిటికీ మూసి ఉండటంతో గది ఉడికిపోతోంది. కరీం బాషా నుదుటి చెమట గడ్డంలోకి జారుతోంది.

"సెప్పేద్దామనే ఎల్లినాను ఆ రోజు" అన్నాడు చివరికి. "గవర్రాజు నాకు కుర్చీ ఏసినాడు. ఆడు నేల మీద కూకున్నాడు. ఆ కుర్చీలో కూకున్నాక సెప్పలేకపోనాను."

"ఫాను ఎయ్యమంటారా? మన కరెంటే" అంది ఆమె. ఆ చివరి మాట అనాలని అనలేదు.

"వొద్దు" అన్నాడతను.

సాయంత్రం అసర్ నమాజుకి అజాన్ వినబడింది. ప్రతిరోజూ ఆ వేళకి చేతికర్ర పట్టుకుని బయల్దేరేవాడు, ఇవాళ మంచం దిగలేదు. సిరాజ్ ఒక్కడూ టోపీ పెట్టుకుని వెళ్లాడు. లతీఫ్ పని ముగించి, అక్కతో గానీ బావతో గానీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇల్లంతా కొత్త స్విచ్‌ల వాసన వేస్తోంది. ఒక్క స్విచ్ కూడా ఎవరూ వెయ్యలేదు.

పొద్దు వాలుతుండగా గవర్రాజు వచ్చాడు.

పని నుంచి వచ్చాక చొక్కా మార్చుకున్నట్టు లేడు, దాని మీద ఇంకా ఎర్ర దుమ్ము ఉంది. చేతిలో జనపనార సంచిలో వంజరం చేప తోక బయటికి కనబడుతోంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. అతనికి తెలిసిపోయింది అనుకుంది ఖైరున్నీసా.

"లతీఫ్ ఎల్లిపోనాడా అప్పా? ఆడికనే తెచ్చినాను ఈ సేప" అన్నాడు గవర్రాజు. సంచి ఆమె చేతికిచ్చి, వెనక గది గుమ్మం దాకా వచ్చి, అక్కడ నేల మీద గొంతుకూర్చున్నాడు.

"బాసా గారూ."

"రా గవర్రాజూ, పైన కూకో" అన్నాడు కరీం బాషా.

"కూకోలేను బాబూ. సిగ్గుతో సచ్చిపోతన్నాను." గవర్రాజు అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "మా ఆడది సూపించింది, మీటరు ఆగడం. ఎన్నేళ్లు సెప్పిందో బాబూ అది. నాను ఇనలేదు. దొంగ అన్నాను, పిచ్చిది అన్నాను, సెయ్యి సేసుకున్నాను. తప్పంతా మీటర్లో ఉంటే దాన్ని కొట్టినాను. ఇప్పుడది నన్నేటీ అనట్లేదు. అన్నం ఎట్టి పక్కన కూకుంది. అంటే బాగుండును."

కరీం బాషా మంచం కోడు పట్టుకున్నాడు.

"మీరు పెద్దోరు. అప్పుడూ మీరే వొచ్చి సర్దినారు. ఒకసారొచ్చి దానికి సెప్పండి బాబూ. తప్పు నాదేనని, నన్ను సమించమని. మీ మాటైతే ఇంటాది."

మసీదు నుంచి తిరిగొచ్చిన సిరాజ్ వరండాలోనే ఆగిపోయాడు. ఖైరున్నీసా చేప సంచి పట్టుకుని అలాగే నిలబడింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకి తోచలేదు.

కరీం బాషా లేచాడు. చేతికర్ర కోసం చూడలేదు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, ఆగి, ఊపిరి తీసుకుని, గవర్రాజు భుజం మీద చెయ్యి వేశాడు.

"పద" అన్నాడు.

ఏం చెబుతాడో ఖైరున్నీసాకి తెలియలేదు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చుని, క్షమించమ్మా అని పెద్దరికం చేసి వస్తాడేమో అనిపించింది. సంచి గడప మీద పెట్టి వెనకే నడిచింది.

నారాయణమ్మ వాళ్లని చూసి లేచి కొంగు కప్పుకుంది. గవర్రాజు పరుగున లోపలికెళ్లి కుర్చీ తెచ్చి, తువ్వాలుతో దులిపి వేశాడు.

కరీం బాషా కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"నారాయణమ్మా" అన్నాడు. "నీ మొగుడు తన కోసం మాటాడమని పిలిచినాడు నన్ను. దానికి రాలేదు నాను." ఊపిరి అందక ఆగాడు. "మీ మీటర్లో ఏ దోషమూ నేదమ్మా. ఎప్పుడూ నేదు. లతీఫ్ ఊడదీసిన ఆ వైరు నానేయించినదే. మా ఎనక గదికి."

గవర్రాజు నోరు కొద్దిగా తెరుచుకుంది. అర్థం కానట్టు నవ్వబోయాడు. అర్థమయ్యాక, భుజం మీది తువ్వాలు తీసి, దాన్ని చేతుల్లో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

నారాయణమ్మ అతని వైపు చూడలేదు. కరీం బాషా వైపు కూడా చూడలేదు. ఆమె చూపు గుమ్మంలో నిలబడ్డ ఖైరున్నీసా మీదకి వచ్చి ఆగింది.

"మజ్జానం వొచ్చినప్పుడు నీకు తెలుసా వదినా?"

తెలియదని చెప్పొచ్చు. భర్త కాదనడు. లతీఫ్ నోరు విప్పడు. ఈ ఒక్క స్నేహమైనా నిలబడుతుంది.

"తెలుసు" అంది ఖైరున్నీసా.

నారాయణమ్మ తల ఊపింది. వంగి, మధ్యాహ్నం ఖైరున్నీసా కోసం పరిచిన చాపని నిదానంగా చుట్టి చంకలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. తలుపు వెయ్యలేదు. రమ్మనీ అనలేదు.